పాల కేంద్రం లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

గ్రామ పాల సంఘాల కార్యదర్శులు, వాళ్లకు ప్రోగ్రామ్ రాసిపెట్టే కుర్రాళ్లు పదే పదే అడిగేది ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటారు?" దానికి జవాబు ఇక్కడ ఆరో మెట్టులో ఉంది. ముందున్న అయిదు మెట్లు దాదాపుగా కాగితం, పెన్సిలు, ఓపికతో అయ్యే పని. వాటిని దాటేసి నేరుగా కొన్నారంటే, కొన్ని నెలలకే కంప్యూటర్ పక్కన మళ్లీ పాత రిజిస్టరు తెరవాల్సి వస్తుంది.

కింది లెక్కలన్నీ 180 మంది సభ్యులు, రోజుకు రెండు పూటలు, 15 రోజులకో బిల్లు ఉన్న కేంద్రానికి వేసినవి. అందరూ రెండు పూటలా పోస్తే బిల్లుకు 5,400 నమోదులు. మీది పది రోజుల బిల్లయితే 3,600.

కావలసినవి

- గత మూడు బిల్లుల పాల రిజిస్టర్లు, చెల్లింపు పట్టీలు, ఆ రోజులకు డెయిరీ ఇచ్చిన రసీదులు
- ఇప్పటి రేటు చార్టు (పాల నాణ్యతను బట్టి ధర చూపే పట్టిక), దాని ముందుది
- సభ్యుల రిజిస్టరు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీ నకళ్లు
- దాణా బాకీలు, అడ్వాన్సుల పుస్తకం
- 200 పేజీల కొత్త నోటుబుక్కు ఒకటి. దీన్ని "రూల్సు పుస్తకం" అందాం
- రోజుకు రెండు గంటలు కేటాయించగల ఇద్దరు: పాలు పరీక్ష చేసేవారు ఒకరు, లెక్క రాసేవారు ఒకరు
- మూడు నెలల సమయం

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. చలికాలంలో పాలు బాగా వస్తాయి, వేసవిలో తగ్గుతాయి. ఫిబ్రవరిలో రూల్సు పుస్తకం తెరిస్తే, పాలు తగ్గి వరస పలచబడే ఏప్రిల్, మే నెలలు ఎనిమిదో మెట్టుకు దొరుకుతాయి. సంక్రాంతి ముందు మాత్రం మొదలుపెట్టకండి. పాలు ఎక్కువ, జనం ఎక్కువ, అందరికీ డబ్బు అవసరం కూడా అప్పుడే.

1. ఒక పూటంతా కూర్చుని చూడండి

పొద్దున పూట తలుపు తీసినప్పటి నుంచి క్యాన్లు లారీ ఎక్కేదాకా ఉండండి. ఎవరినీ ఏమీ అడక్కండి, ఏం జరుగుతోందో రాసుకోండి. ఎవరు ఏ పుస్తకంలో రాస్తున్నారు, అంకె ఎవరు పైకి చదువుతున్నారు, చీటీ ఎవరికి వెళ్తోంది, కొట్టివేతలు ఎక్కడ పడుతున్నాయి అన్నవి చూడండి. మర్నాడు సాయంత్రం పూట కూడా ఇలాగే.

గడియారం పెట్టుకోండి. రెండు గంటల్లో 180 మంది పోస్తే ఒక్కొక్కరికి 40 సెకన్లు. తూకం, శాంపిలు, పరీక్ష, చీటీ అన్నీ ఆ 40లోనే అయిపోవాలి. అంటే కీబోర్డు మీద పనికి పది సెకన్లకు మించి దొరకదు. ఈ ఒక్క అంకెను తర్వాత స్క్రీన్ గీసేటప్పుడు మర్చిపోకండి. రెండు మూడు పేజీలు నొక్కితే గానీ చీటీ రాని సాఫ్ట్‌వేర్, ఎంత అందంగా ఉన్నా, మొదటి వారంలోనే మూలన పడుతుంది.

2. రూల్సు రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. కేంద్రం ఎలా నడుస్తుందో ఇప్పటిదాకా కార్యదర్శి బుర్రలో ఉంటుంది. ఆయన రాని రోజున గొడవ వచ్చేది అందుకే.

మొదట ఎస్.ఎన్.ఎఫ్. (పాలలో వెన్న, నీరు పోగా మిగిలే ఘనపదార్థాల శాతం) సూత్రం. పాల సాంద్రత కొలిచే లాక్టోమీటర్‌తో చూసే చోట, పాల వేడిని బట్టి సవరించిన రీడింగును 4తో భాగించి, దానికి వెన్న శాతం, అంటే ఫ్యాట్‌లో కొంత భాగాన్నీ ఒక స్థిర సంఖ్యనూ కలుపుతారు. ఆ రెండు సంఖ్యలు అన్ని చోట్లా ఒకటి కావు. ఒక చోట ఫ్యాట్‌ను 0.21తో గుణించి 0.36 కలిపితే, మరో చోట 0.25తో గుణించి 0.44 కలుపుతారు. ఫ్యాట్ 6.0, రీడింగు 29 ఉన్న పాలను తీసుకోండి. మొదటి సూత్రంలో 7.25 + 1.26 + 0.36 = 8.87. రెండోదాంట్లో 7.25 + 1.50 + 0.44 = 9.19. ఇక చార్టులో ఎస్.ఎన్.ఎఫ్. ఒక దశాంశమే ఉంటే, చివరి అంకెను వదిలేయాలా, దగ్గరి అంకెకు సవరించాలా? వదిలేస్తే 8.8 లేదా 9.1, సవరిస్తే 8.9 లేదా 9.2. అవే పాలు, నాలుగు రకాల రేట్లు. మీ డెయిరీ ఏది వాడుతుందో రాతపూర్వకంగా తీసుకుని రూల్సు పుస్తకం మొదటి పేజీలో అతికించండి. ఆటోమేటిక్ ఎనలైజర్ ఉన్నవాళ్లకు ఈ లెక్క యంత్రమే వేస్తుంది, అయినా దశాంశాల సంగతి తేల్చుకోవాల్సిందే.

రెండోది కిలోలా, లీటర్లా? పాల సాంద్రత నీటికంటే ఎక్కువ, లీటరు దాదాపు 1.03 కిలోలు తూగుతుంది. తూకం కిలోల్లో చూపిస్తూ రేటు లీటరుకు ఉంటే 1.03తో భాగించాలి. ఆ భాగహారం ఎక్కడో ఒకచోట తప్పిపోతే, రోజుకు 800 కిలోలు తీసుకునే కేంద్రంలో దాదాపు 23 లీటర్ల తేడా వస్తుంది. రెండుసార్లు భాగిస్తే అంతే నష్టం రైతుకు.

మూడోది పైసలు. ప్రతి పూట మొత్తాన్ని పైసలకు సవరించి, ఆ సవరించిన మొత్తాలనే కూడండి. రూపాయికి సవరించడం బిల్లు చివర ఒక్కసారే. రైతు తన 30 చీటీలూ ఇంట్లో కూర్చుని కూడితే బిల్లులో ఉన్న మొత్తమే రావాలి. ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఒక మాట: డబ్బును దశాంశ సంఖ్యగా కాకుండా పైసల్లో పూర్ణాంకంగా దాచండి.

నాలుగోది కోతల వరస. దాణా బాకీ, బ్యాంకు వాయిదా, బీమా, షేరు ధనం, వీటిలో ముందు ఏది? పాల డబ్బు 900 రూపాయలు, కోతలు 1,400 అయితే ఏది పూర్తిగా పడుతుంది, ఏది వచ్చే బిల్లుకు జరుగుతుంది? రైతు చేతికి కనీసం ఇంత రావాలన్న నియమం ఉందా? ఇవి కమిటీ తీర్మానించాల్సిన విషయాలు, ప్రోగ్రామరు ఊహించాల్సినవి కావు.

ఇంకా రాయవలసినవి: విరిగిన పాలు తెస్తే ఏం చేస్తారు, ఒకే సభ్యుడు ఆవు పాలు, గేదె పాలు విడివిడిగా తెస్తే ఎలా, ఫ్యాట్ చార్టు దాటిపోతే ఎలా, తప్పు అంకె పడితే ఎవరు దిద్దవచ్చు, ఎంతసేపట్లోగా. ప్రతి రూలు కింద తేదీ, కమిటీ సంతకం ఉండాలి.

3. ఏ సమాచారం ఏ పట్టికలో

ఆరు పట్టికలు చాలు: సభ్యులు, రేట్లు, పాల నమోదు, బాకీలు–కోతలు, డెయిరీ రసీదులు, బిల్లులు. ఒక విషయం ఒకేచోట ఉండాలి. సభ్యుడి బ్యాంకు ఖాతా సభ్యుల పట్టికలోనే ఉండాలి, బిల్లుల షీట్లో మళ్లీ టైపు చేయకూడదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది తప్పనిసరి. పాల నమోదులోని ప్రతి వరుసలో ఆ పూట వర్తించిన రేటును కూడా రాసి ఉంచండి. రేట్ల పట్టికలో పాత రేటును చెరిపి కొత్తది రాయకండి, "ఏ తేదీ, ఏ పూట నుంచి" అన్న గడితో కొత్త వరుస చేర్చండి. డెయిరీ నెల మధ్యలో రేటు మార్చినప్పుడు పాతది చెరిపేసిన కేంద్రాల్లో, రెండు నెలల కిందటి బిల్లు మళ్లీ ప్రింటు తీస్తే మొత్తం మారి వస్తుంది. అప్పుడు రైతుకు సమాధానం చెప్పలేరు, ఆడిటర్‌కూ చెప్పలేరు.

సభ్యుడి కోడ్ ఒకసారి ఇస్తే శాశ్వతం. ఆయన మానేసినా, కాలం చేసినా ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు.

4. సభ్యుల జాబితా శుభ్రం చేయండి

180 పేర్లే కదా అనిపిస్తుంది, కానీ రోజుకు 30 చొప్పున ఆరు రోజులు పెట్టుకోండి. చెల్లింపు వేరే ఖాతాకు వెళ్లిపోతే దాన్ని వెనక్కి రప్పించడానికి వారాలు పడుతుంది, ఆ వారాలు ఆ ఇంట్లో పాల డబ్బు ఉండదు.

- ఖాతా నంబర్లు: ఎక్సెల్‌లో టైపు చేసే ముందు ఆ గడులను "టెక్స్ట్"గా మార్చండి. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే సంఖ్యను సరిగ్గా దాస్తుంది, కాబట్టి 16 అంకెల ఖాతాలో చివరి అంకె సున్నా అయిపోతుంది. తర్వాత టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు.
- ఐ.ఎఫ్.ఎస్.సి. (బ్యాంకు శాఖ కోడ్): మొత్తం 11 గుర్తులు. మొదటి నాలుగు అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ "ఓ" అక్షరం కొట్టడం చాలా మామూలు తప్పు. బ్యాంకులు విలీనమైన ఊళ్లలో పాత పాసుపుస్తకం మీద పాత కోడ్ ఉంటుంది, కొత్తది శాఖలో అడగండి.
- పేర్లు: పాసుపుస్తకంలో ఉన్నట్టు ఇంగ్లిషులో ఒకటి, పిలిచే పేరు తెలుగులో ఒకటి, రెండూ ఉంచండి. తెలుగు పేర్లు యూనికోడ్‌లోనే కొట్టండి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన పేర్లు ఇంకో కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనబడతాయి, వెతికితే దొరకవు.
- ఒకే పేరు: ఊళ్లో ముగ్గురు వెంకటలక్ష్ములు ఉంటారు. భర్త లేదా తండ్రి పేరు, వీధి గడులు పెట్టండి.
- అక్కర్లేనివి: లెక్కకు అవసరం లేని ఆధార్ నంబరు, కులం వంటివి తీసుకోకండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. అది లేకపోయినా, అవసరం లేనిది దాచడం అంటే దాన్ని కాపాడే బాధ్యత నెత్తిన వేసుకోవడమే.

సరిచూసే పద్ధతి: ఒకరు పాసుపుస్తకం నకలు చూసి పైకి చదవాలి, మరొకరు స్క్రీన్ మీద వేలు పెట్టి చూడాలి. టైపు చేసినవారే చదవకూడదు.

5. స్క్రీన్‌ను ముందు కాగితం మీద గీయండి

పాలు పోసుకునే స్క్రీన్‌లో నింపాల్సినవి నాలుగే: సభ్యుడి కోడ్, తూకం, ఫ్యాట్, రీడింగు. కోడ్ కొట్టగానే పేరు పెద్ద అక్షరాల్లో రావాలి, రాసేవారు ఆ పేరు పైకి చదవాలి. 114 బదులు 141 పడితే పట్టుకునేది ఆ పిలుపే.

కాగితం మీద గీసిన ఆ స్క్రీన్‌ను పాలు పరీక్ష చేసేవారి ముందు పెట్టి, నిన్నటి రిజిస్టరులోంచి ఇరవై వరుసలు పెన్సిలుతో నింపమనండి. ఎక్కడ చెయ్యి ఆగిందో చూడండి, అక్కడ గీత మార్చండి. ఈ పని మధ్యలో రాయడం మర్చిపోయిన రూలు ఒకటైనా బయటపడుతుంది. అప్పుడు రెండో మెట్టుకు వెనక్కి వెళ్లండి, అందులో తప్పు లేదు. సాఫ్ట్‌వేర్ తయారీలో ఒక్కో దశ ముగించి తర్వాతి దశకు దిగే పద్ధతిని 1970లో అమెరికన్ ఇంజనీరు విన్‌స్టన్ రాయిస్ తన పత్రంలో బొమ్మ గీసి చూపించారు. వెనక్కి చూడకుండా అలా దిగుకుంటూ పోతే ప్రమాదమని అదే పత్రంలో హెచ్చరించింది కూడా ఆయనే.

6. కొనాలా, రాయించాలా?

డెయిరీయే సాఫ్ట్‌వేర్ ఇస్తుంటే మొదట దాన్నే చూడండి. మీ రూల్సు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో రూలు అడగండి: "ఇది మీదాంట్లో ఎలా వస్తుంది, చూపించండి." నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, స్క్రీన్ మీద చూడాలి. రాయించుకుంటే డబ్బు ఒకేసారి ఇవ్వకండి. పరీక్ష నెగ్గాక కొంత, ఎనిమిదో మెట్టు అయ్యాక మిగతాది.

ఎక్కడ తీసుకున్నా నాలుగు విషయాలు కాగితం మీద ఉండాలి. డేటా మొత్తం ఎప్పుడు కావాలన్నా మామూలు ఎక్సెల్ ఫైలుగా బయటికి రావాలి. పొద్దున అయిదున్నరకు ఆగిపోతే ఫోనెత్తే మనిషి ఉండాలి. నెట్ లేకపోయినా నమోదు ఆగకూడదు. రేట్లు మార్చే పాస్‌వర్డ్, పాలు నమోదు చేసే పాస్‌వర్డ్ వేరువేరుగా ఉండాలి.

50 మంది లోపు ఉన్న కేంద్రానికి జాగ్రత్తగా చేసిన ఎక్సెల్ షీటు సరిపోతుంది. సూత్రాలున్న గడులకు తాళం వేయండి, లేకపోతే ఎవరో ఒకరు సూత్రం మీద అంకె కొడతారు, ఆ వరుస ఇక ఎప్పటికీ మారదు.

తూకం, ఎనలైజర్ నేరుగా కంప్యూటర్‌కు కలిపితే టైపింగు తప్పులు పోతాయి. కానీ యూఎస్‌బీ తీగను ఇంకో రంధ్రంలో గుచ్చితే పోర్టు నంబరు మారిపోయి అంకెలు రావడం ఆగిపోవచ్చు. ఏ తీగ ఏ రంధ్రమో రంగు టేపు అంటించండి. చేత్తో కొట్టే దారి కూడా ఉండనివ్వండి, అలా కొట్టిన వరుస మీద గుర్తు పడాలి.

7. పరీక్ష

మూడు పాత బిల్లుల్లో ఒకదాన్ని మొత్తం ఎక్కించండి. చెల్లించిన మొత్తాలు సభ్యుడి వారీగా పైసలతో సహా రావాలి. రాకపోతే ప్రోగ్రామ్‌దే తప్పని తొందరపడకండి, పాత చేతిలెక్కలో తప్పు దొరకడం మామూలే. ఏది తప్పో కాలిక్యులేటర్‌తో తేల్చి రూల్సు పుస్తకంలో రాయండి.

తర్వాత కావాలని తప్పులు చేయండి:

- లేని కోడ్ కొట్టండి
- 7.5 లీటర్ల బదులు 75 కొట్టండి. ఆ సభ్యుడి మామూలు పాలకు మూడు రెట్లు దాటితే ప్రోగ్రామ్ ఆగి అడగాలి
- ఒకే పూట ఒకే కోడ్ రెండుసార్లు కొట్టండి
- బిల్లు మధ్యలో సాయంత్రం పూట నుంచి రేటు మార్చండి
- కోతలు పాల డబ్బు కంటే ఎక్కువ పెట్టండి
- నమోదు మధ్యలో కరెంటు తీగ లాగేయండి. లేచాక చివరి వరుస ఉండాలి, రెండుసార్లు ఉండకూడదు
- కంప్యూటర్ తేదీని నిన్నటికి మార్చండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే నిజంగానే ఇలా జరుగుతుంది. చివరి నమోదు కంటే వెనకటి తేదీని ప్రోగ్రామ్ ఒప్పుకోకూడదు

8. జంట నడక: రెండు బిల్లులు, 30 రోజులు

రిజిస్టరు, కంప్యూటర్ రెండూ పక్కపక్కన నడవాలి. ఈ 30 రోజులూ డబ్బు చెల్లించేది రిజిస్టరు ప్రకారమే. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరే రెండూ రాస్తే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చూసి ఎక్కించేస్తారు, అప్పుడు పోల్చడానికి ఏమీ మిగలదు.

ప్రతి పూట ముగిశాక మూడు మొత్తాలు పోల్చండి: ఎంతమంది, ఎన్ని లీటర్లు, ఎంత డబ్బు. తేడా ఉంటే ఆ పూటే వెతకండి. లీటర్లు కలిసి డబ్బు కలవకపోతే ఫ్యాట్, రీడింగు, రేటులో ఏదో తప్పు. మంది కలవకపోతే ఒక వరుస పోయింది లేదా రెండుసార్లు పడింది. మొత్తాలన్నీ కలిసినా, ఇద్దరు సభ్యుల పాలు తారుమారై ఉండవచ్చు, అందుకే రోజూ ఏవైనా పది వరుసలు కోడ్‌తో సహా చూడండి.

డెయిరీ రసీదుతో కూడా సరిచూడాలి. సేకరించిన పాలు = డెయిరీకి పంపినవి + ఊళ్లో అమ్మినవి + విరిగి పోయినవి + తేడా. లీటర్లతో ఆగకుండా వెన్నను కిలోల్లో లెక్కించండి. ఇక్కడ చాలా చోట్ల జరిగే తప్పు సగటు తీయడంలో ఉంది. ఒకరు 10 కిలోలు 5.0 ఫ్యాట్, మరొకరు 2 కిలోలు 8.0 ఫ్యాట్ పోశారనుకోండి. 5ను, 8ని కూడి రెండుతో భాగిస్తే 6.5. అసలు సగటు 5.5 మాత్రమే: వెన్న 0.50 + 0.16 = 0.66 కిలో, పాలు 12 కిలోలు. 6.5 అని లెక్క వేసుకుని, డెయిరీ 5.5 ఇచ్చిందని దాని మీద కోపగించుకోవడం అన్యాయం. పాలను బట్టి తూచి సగటు తీశాక కూడా రోజూ ఒకే వైపు తేడా వస్తుంటే, అప్పుడు ఫ్యాట్ చూసే టెస్టర్‌ను సరిచేయించండి.

వరసగా ఒక బిల్లు మొత్తం, 15 రోజులూ, కారణం తెలియని తేడా ఒక్కటి కూడా లేకపోతేనే తర్వాతి మెట్టుకు వెళ్లండి. లేకపోతే మరో 15 రోజులు నడపండి.

9. మార్చే రోజు

బిల్లు మొదలయ్యే రోజు పొద్దున పూట నుంచే మార్చండి, 1వ తేదీ గానీ 16వ తేదీ గానీ. ముందు రోజు రాత్రి ప్రతి సభ్యుడి దాణా బాకీ, అడ్వాన్సు మొత్తం ప్రింటు తీసి, మొదటి పూట వచ్చినప్పుడు చూపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. పాత బాకీ తప్పుగా ఎక్కితే ఆ తగాదా ఏళ్లు నడుస్తుంది.

చీటీ ప్రింటరు 58 మిల్లీమీటర్ల థర్మల్ రకమైతే, ఆ అక్షరాలు ఎండకూ వేడికీ వెలిసిపోతాయి. రైతు దగ్గరున్న చేతి పుస్తకంలో కూడా పూటపూటా రాయడం ఆపకండి. చదువు రానివాళ్లకు తూకం, ఫ్యాట్, డబ్బు పైకి చదివి చెప్పండి.

రిజిస్టర్లు ఏ రూపంలో ఉండాలో మీ ఆడిటర్‌ను ముందే అడగండి. మీ సంఘం 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదైందా, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందనా అన్నది చెప్పి అడిగితే సరైన జవాబు వస్తుంది. ఆయన ఒప్పుకునేదాకా రోజువారీ పట్టీ ప్రింటు తీసి, సంతకం చేసి ఫైలు చేయండి.

10. తర్వాత

సాయంత్రం పూట ముగిశాక రోజూ నకలు తీయండి. రెండు పెన్ డ్రైవులు, రోజు మార్చి రోజు. ఒకటి కేంద్రంలో, ఇంకోటి కార్యదర్శి ఇంట్లో. నెలకోసారి ఆ నకలును వేరే కంప్యూటర్‌లో తెరిచి ఒక బిల్లు ప్రింటు తీయండి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

కరెంటు పోయిన పూట కోసం గీతలు గీసిన ఖాళీ పట్టీలు 200 వరుసలవి ఎప్పుడూ గోడకు వేలాడుతూ ఉండాలి.

పూట ముగించి తాళం వేశాక ఏ వరుసనూ చెరపకూడదు. తప్పు దొరికితే తగ్గింపు లేదా హెచ్చింపు వరుస కొత్తగా పడాలి, అందులో ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి ఉండాలి. కొత్త రూలు ఏది వచ్చినా ముందు రూల్సు పుస్తకంలో తేదీతో రాసి, సంతకం అయ్యాకే ప్రోగ్రామ్‌లో మార్పించండి. మార్చిన వెంటనే ఏడో మెట్టులో వాడిన ఆ పాత బిల్లును మరోసారి నడపండి. అందులో ఒక్క పైసా మారినా కొత్త మార్పును వెనక్కి తీసేయించి, పాత ప్రోగ్రామ్‌తోనే ఆ సాయంత్రం పూట పాలు పోయించుకోండి.